విశాఖ ఉక్కపోతలో కుక్కపిల్ల పెంపకం: మొదటి ఏడాది పనులు

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక వేలాడేసి రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది. ఆ రొప్పు పనిచేయాలంటే నాలుక మీది తడి గాలిలో ఆవిరైపోవాలి. విశాఖ గాలిలో ఏడాదిలో చాలా నెలలు తేమ ముందే నిండి ఉంటుంది కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. చొక్కా వీపుకి అంటుకుపోయే రోజున కుక్క ఎంత రొప్పినా ఫలితం అంతంతే. ఏ జాతిని తెచ్చుకోవాలి అన్నది మొదలు ఏ వేళకి నడిపించాలి అన్నదాకా, ఈ ఊళ్లో కుక్క పెంపకమంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

ఏ పిల్లని, ఎప్పుడు తేవాలి

హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటివి మంచు ప్రాంతాల కుక్కలు. వాటి బొచ్చు రెండు పొరలు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది, మామూలు రోజున కూడా వాటికి ఊపిరి కష్టమే. వీటిని విశాఖకి తేవద్దన్నదే మా మాట. ఏసీ ఉందిగా అంటారు. కరెంటు పోయిన మే మధ్యాహ్నం ఆ ధీమా నిలవదు. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు ఉన్న కుక్క ఇక్కడ సుఖంగా బతుకుతుంది. మన వీధుల్లో పుట్టిన పిల్లకి ఈ రెండూ పుట్టుకతోనే ఉంటాయి. ఒకప్పుడు కొల్లేరు ప్రాంతంలో బాతుల్ని కాసిన జోనంగి జాతి కూడా అలాంటిదే, కాకపోతే దానికి పరుగు కావాలి, ఫ్లాట్‌లో కట్టేస్తే బాధపడుతుంది. ల్యాబ్రడార్ ఈ ఊళ్లో నెట్టుకొస్తుంది గానీ, దాన్ని లావెక్కనివ్వకూడదు.

'45 రోజుల పిల్ల రెడీ' అంటే తీసుకోకండి. 8 వారాలు నిండని పిల్లని అమ్మడం 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కుదరదు. చట్టం మాట అటుంచినా, ఆరో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్ల తన తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్లు ఏడుస్తారో నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. కొనేచోట తల్లిని చూపించమని అడగండి. తల్లి మనుషుల్ని చూసి వణికితే, పళ్లు చూపిస్తే ఆ ఇంటి పిల్ల వద్దు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే రక్తం తక్కువని గుర్తు. ఒళ్లు బక్కచిక్కి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే నులిపురుగులు ఉన్నట్టే.

టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3–4 వారాలకి ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ తొలి డోసుల్ని అడ్డుకుంటుంది, అందుకే ఒక్క డోసుతో ఆపేస్తే పార్వో (పిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు) నుంచి కాపాడదు. రేబీస్ టీకా మూడు నెలలకి, ఆ తర్వాత ఏటా. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. వానాకాలం రోడ్ల మీద నిలిచే నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, దాంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. మీరు వేయించే టీకాలో అది కూడా ఉందో లేదో డాక్టర్ని అడగండి. నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి.

తిండి

మన ఇళ్లలో కుక్కపిల్లకి మొదట పెట్టేది పాలు, తర్వాత పెరుగన్నం. పాలు చాలా పిల్లలకి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగన్నం ఒక్కటే పెడితే పొట్ట నిండుతుంది, ఎముక గట్టిపడదు. ఉత్త చికెన్ పెట్టినా అంతే, మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఎదిగే పిల్లకి ముందుకాళ్లు వంకరపోవడానికి ఇదే కారణం. ఏడాది నిండేదాకా మంచి పప్పీ డ్రై ఫుడ్‌ని ప్రధాన తిండిగా పెట్టడం మేలు. కాల్షియం, ఫాస్ఫరస్‌ల పాళ్లు ఇంటి తిండిలో కుదర్చడం కష్టం. డ్రై ఫుడ్ తింటున్న పెద్ద జాతి పిల్లకి విడిగా కాల్షియం సిరప్ పోయకండి. ఎక్కువైనా కీళ్లు చెడతాయి.

మూడు నెలల దాకా రోజుకి నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. ప్యాకెట్ మీది పట్టిక చూసి, వంటింటి తూకంతో తూచి పెట్టండి. చేతికొలత నమ్మితే నెల తిరిగేసరికి లావెక్కుతుంది. పక్కటెముకలు వేళ్లకి తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనబడకూడదు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడి ఉండాలి. 15 నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి. ఈ ఉక్కకి తడిపిన తిండి గంటలో పులుస్తుంది. డ్రై ఫుడ్ బస్తా మూతి మడిచి వదిలేస్తే వానాకాలంలో బూజు పడుతుంది, గాలి చొరబడని డబ్బాలో పోయండి.

పెద్దయ్యాక ఇంటి తిండి పెట్టాలనుకుంటే, పది కిలోల కుక్కకి రోజు మొత్తానికి సుమారుగా ఈ లెక్క: తోలు తీసి ఉడికించిన చికెన్ 150 గ్రాములు, వండిన అన్నం 200 గ్రాములు, ఉడికిన గుమ్మడి లేక క్యారెట్ 50 గ్రాములు, ఒక టీస్పూను నూనె, మెత్తగా పొడి చేసిన గుడ్డుపెంకు అర టీస్పూను. ఇది దాదాపు 600 కేలరీలు, రెండు పూటలకి పంచండి. ఇందులోనూ జింక్ లాంటివి చాలవు కాబట్టి డాక్టర్‌కి చూపించి సప్లిమెంటు రాయించుకోండి. చికెన్ బదులు చేప పెట్టొచ్చు, ఉడికించి, ముల్లు ఒక్కటి కూడా లేకుండా వేళ్లతో నలిపి చూసి పెట్టాలి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు.

కూర కలిపిన అన్నం మాత్రం ఎంత మిగిలినా కుక్కకి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి లేని కూర మన ఇంట్లో అరుదు. అవి ఉడికినా సరే కుక్క రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి, రోజూ కొంచెం కొంచెం పెట్టినా నష్టం పోగవుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలని దెబ్బతీస్తాయి. ప్రసాదం కేసరిలో కిస్‌మిస్ ఉంటుందని పిల్లలకి చెప్పి ఉంచండి. చాక్లెట్ కూడా విషమే. ఉడికిన ఎముకలు పగిలి సూదుల్లా పేగుల్లో గుచ్చుకుంటాయి.

పిడుదులు

విశాఖలో కుక్క ప్రాణానికి పెద్ద శత్రువు పిడుదు. వెచ్చదనం, తేమ రెండూ దానికి కావాలి, ఇక్కడ రెండూ ఉన్నాయి. రక్తం తాగి బఠాణీ గింజంతైన ఆడ పిడుదు కుక్క మీంచి రాలిపోయి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్క మీద ఎన్ని ఏరేసినా వారానికి మళ్లీ వస్తాయి. ఒంటికి మందు వేసిన రోజే పగుళ్లు సిమెంటుతో పూడ్పించాలి, పడక గుడ్డలు వేడి నీళ్లలో ఉతకాలి.

రోజూ సాయంత్రం నడక నుంచి రాగానే వేళ్లతో తడమండి. చెవి మడత లోపల, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద, చంకల్లో దాక్కుంటాయి. దొరికితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగరుబత్తితో కాల్చడం వద్దు, చర్మం కాలుతుంది. చేత్తో నలపకండి. నెలకోసారి మెడ వెనక వేసే చుక్కల మందు గానీ, నెలకో మూడు నెలలకో పనిచేసే నమిలే మాత్ర గానీ డాక్టర్ బరువు చూసి రాస్తారు. చుక్కల మందుకి రెండు రోజుల ముందూ వెనకా స్నానం చేయిస్తే మందు నిలవదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి చెప్పండి, పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లిని చంపేస్తుంది.

జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు వెంట రక్తం: ఇవి టిక్ ఫీవర్ (పిడుదు కాటుతో వచ్చే జ్వరం) గుర్తులు. రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. తొందరగా పట్టుకుంటే మాత్రలతో తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాక వెళ్తే రక్తం ఎక్కించాల్సిన అవసరం రావచ్చు.

ఇంట్లో, వీధిలో

రెండు నెలల పిల్ల మూడు గంటలకి మించి మూత్రం ఆపుకోలేదు. వయసు ఎన్ని నెలలైతే దానికి ఒకటి కలిపి అన్ని గంటలని లెక్కేసుకోండి. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట ముగియగానే ఒకే చోటికి తీసుకెళ్లండి. పని కానిచ్చిన మరుక్షణం, అక్కడే, శనగ గింజంత చికెన్ ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఇంట్లో పోసిందని కొడితే, మీ ఎదుట పోయకూడదని మాత్రమే నేర్చుకుని సోఫా వెనక్కి పోతుంది. తుడవడానికి ఎంజైమ్ క్లీనర్ వాడండి, వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వెళ్తుంది.

టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దించొద్దు. అలాగని ఇంట్లో బంధించినా ముప్పే. మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపు చూసినవే దానికి మామూలు లోకం అవుతాయి. చంకనెత్తుకుని రైతుబజారు రద్దీ, ఆటో హారన్లు, బీచ్ రోడ్డు మీదుగా పోయే నేవీ హెలికాప్టర్ల మోత, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాళ్లు అన్నీ దూరం నుంచి చూపిస్తూ చికెన్ ముక్కలు పెట్టండి. దీపావళి నాడు మంచం కింద నక్కి వణికే కుక్కల్లో చాలావాటికి ఈ వారాలు దొరకలేదు.

మాట నేర్పడం ఇల్లంతా కలిసి చేసే పని. తాతగారు 'కూచో', అమ్మ 'సిట్', పిల్లలు 'డౌన్' అంటే అది ఏదీ నేర్చుకోదు. కూచో, రా, ఆగు, వదులు: ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. 'రా' అని పిలిచి తిట్టడం, స్నానానికి ఈడ్చుకెళ్లడం చేయకండి. రెండుసార్లు అలా జరిగితే రోడ్డు మీద పిలిచినా రాదు. నోట్లోది లాక్కోకుండా, ముక్కు ముందు అంతకన్నా మంచిది పెట్టి 'వదులు' అనండి. లాక్కునే ఇంట్లో కుక్క గిన్నె దగ్గర గుర్రుమనడం నేర్చుకుంటుంది. గొలుసు లాగితే చెట్టులా ఆగిపోండి, వదులయ్యాకే అడుగు వేయండి.

నడక ఉదయం ఆరున్నర లోపు, మళ్లీ పొద్దు పూర్తిగా కుంకాక. తారు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. వడదెబ్బ తగిలి తూలుతుంటే, జ్వరం 104 దాటితే మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాన్ వేయండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే ఆ తడి ఆరదు, వేడి లోపలే నిలుస్తుంది. 103కి దిగగానే తడపడం ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బీచ్‌కి వెళ్తే మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు. వలల్లోంచి పారేసిన చేపల్ని నోట పెట్టనివ్వకండి, వాటిలో ఉబ్బుచేప ఉంటే ప్రాణం మీదికొస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగర్ నగర్, జోడుగుళ్లపాలెం తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో గొలుసు విప్పకండి, కుక్కలు ఇసుక తవ్వి గుడ్లు తినేస్తాయి. దాని మలం మీరే సంచిలోకి ఎత్తండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, చెవులూ వేళ్ల సందులూ పొడిగా తుడవండి. తడి నిలిస్తే ఈ ఊళ్లో చర్మం చీము పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

పిల్లలు పెట్టించాలా?

'ఒక్కసారైనా పిల్లలు పెట్టకపోతే ఆరోగ్యం చెడుతుంది' అన్నది నిజం కాదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి హీట్ (ఎదకి రావడం) అయిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టవచ్చు. ఒక్కసారిగా నీళ్లు ఎక్కువ తాగుతూ నీరసపడితే వెంటనే చూపించాలి. ఆపరేషన్ ఏ వయసులో అన్నది జాతిని బట్టి డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

అన్నీ ఆలోచించి క్రాసింగ్ చేయించాలనుకుంటే, 2017 నిబంధనల ప్రకారం పెంపకందారు రిజిస్టర్ అయి ఉండాలి, తల్లికి 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈత, జీవితంలో ఐదుకి మించకూడదు. పెద్ద జాతులకి ముందు తుంటి ఎక్స్‌రే తీయించాలి. గర్భం సుమారు 63 రోజులు. ఆరో వారం నుంచి తిండి పెంచండి, కానీ డాక్టర్ చెప్పకుండా కాల్షియం మాత్రలు వేయకండి. ముందే వేస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే శక్తి మందగించి, పాలిచ్చే రోజుల్లో ఫిట్స్ వస్తాయి. చివరి వారం రోజుకి రెండుసార్లు జ్వరం చూడండి, 99 లోపుకి పడితే ఒక్క రోజులో పిల్లలు వస్తాయి. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లోపల ఇంకా ఉన్నాయని తెలిసీ రెండు గంటలు దాటితే ఆస్పత్రికి బయల్దేరాలి. పుట్టిన పిల్లల్ని రోజూ తూచండి, పది రోజుల్లో బరువు రెట్టింపు అవ్వాలి.

కొత్త ఇంటికి ఇచ్చేటప్పుడు టీకా కార్డు, నులిపురుగుల మందు తేదీలు, రెండు వారాలకి సరిపడా అదే తిండి ఇచ్చి పంపండి. తిండి ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, వారం రోజుల మీద కొద్దికొద్దిగా మార్చమని చెప్పండి. పెంచలేకపోతే వీధిలో వదలకుండా మళ్లీ మీకే తెచ్చివ్వాలని ముందే రాతపూర్వకంగా మాట తీసుకోండి.