పాత ట్రాక్టర్ కొనేముందు: ఏ లక్షణం వెనక ఏ జబ్బు

అయిదారు ఎకరాల వరి రైతుకు 30–36 హెచ్‌పీ పాత బండి సరిపోతుంది. మహీంద్రా 265, మాస్సే 1035 లాంటివైతే పల్లె మెకానిక్కుకు కూడా కొట్టినపిండి, సామాను దొరుకుతుంది. చూడటానికి పొద్దున్నే వెళ్లి ముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. ముందే స్టార్టు చేసి ఉంచిన బండిని నేను నమ్మను.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు
డీజిల్ లైనులో గాలి చేరి ఉండవచ్చు. ఫిల్టరు దగ్గరి బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టండి. అయినా చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక సులువుగా అందుకుంటుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం) పడిపోయిందేమో అనుమానించాలి.

పొగ
లోడు మీద నల్లపొగ వస్తే మొదట ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పండి. అడుగున బురద పేరుకుని ఉంటే కడిగి, గుర్తు వరకు కొత్త ఆయిల్ పోస్తే చాలు. అప్పటికీ తగ్గకపోతే డీజిల్ చిమ్మే నాజిళ్లు పరీక్షించాలి.

నీలంపొగ అంటే ఆయిల్ మండుతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. గుప్పుగుప్పున ఆవిరి తన్నితే పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగినట్టే. ఇంజను బోరు పని (వీటిని బాగుచేసే పని) ఖర్చెంతో మెకానిక్కును అడిగి ధరలో కోయండి.

వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ, ఆయిల్ మట్టం చూసే గేజీ పుల్లకు పాలలాంటి ఆయిల్ అంటితే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు, హెడ్ పగిలి ఉండవచ్చు. విప్పితే తప్ప తేలదు కాబట్టి నేనైతే వదిలేస్తాను.

దమ్ము చేసిన బండి
మన మాగాణుల్లో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇనుపచక్రాలతో బురదలో తిరిగి తిరిగి వెనక యాక్సిల్ సీళ్లు అరుగుతాయి, హౌసింగ్‌లోకి నీళ్లు దిగుతాయి. పైకి రంగు మాత్రం పెళ్లికొడుకులా ఉంటుంది! రాత్రంతా నిలిపిన బండికి ఆ హౌసింగ్ అడుగు డ్రైన్ ప్లగ్గు కాస్త వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే కారతాయి. కొద్దిగా అయితే సీళ్లు, ఆయిల్ మారిస్తే సరి. నీళ్లు చాలాకాలం నిలిచి ఉంటే బేరింగులు తుప్పు పడతాయి. జాకీ ఎత్తి చక్రం తిప్పండి. గరగర వినిపిస్తే ఖర్చు పెద్దదే.

లిఫ్టు దిగిపోతోంది
రోటవేటర్ ఎత్తి ఇంజను ఆపండి. నిమిషాల్లో కిందికి జారితే సిలిండర్ సీలో, కంట్రోల్ వాల్వో లీకవుతోంది. దీనికి భయపడనక్కర్లేదు, బాగుచేయించుకోవచ్చు. బేరానికి పనికొచ్చే లోపం.

క్లచ్ జారుతోంది
బ్రేకు తొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది. ప్లేటు మార్చాలంటే బండిని నడుముకు విడదీయాలి, కూలీ కూడా లెక్కలో వేసుకోండి.

కాగితాలు
ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 (ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం) చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. ట్రక్కు (వెనక తగిలించే ట్రాలీ) కూడా కలిపి కొంటుంటే దాని ఆర్‌సీ వేరుగా అడగండి.