సూడి గొర్రెలు ఈసుకుపోతుంటే మందలో చేయవలసిన పనులు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల మందల్లో సూడి గొర్రె ఈసుకుపోతే, అంటే కడుపుతో ఉన్న గొర్రెకు నెలలు నిండకముందే గర్భం పడిపోతే, ఎండ దెబ్బ తగిలిందనో, పొట్టేలు పొడిచిందనో, దిష్టి తగిలిందనో అనుకుని కాపరులు ఊరుకోవడం తరచుగా జరుగుతుంది. ఒక్క గొర్రె విషయంలో మొదటి రెండు కారణాల్లో ఏదో ఒకటి నిజమే కావచ్చు. అయితే రెండు మూడు వారాల్లోనే అదే మందలో మరో రెండు గొర్రెలు ఈసుకుపోయినప్పుడు అంటురోగం ఉందనే అనుమానంతో వ్యవహరించాలి. కారణాన్ని తేల్చే అవకాశం ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఉంటుంది. పిండాన్ని కుక్కలకు వేసి, మాయను కంచెలో పారేసి, నెల గడిచాక పశువైద్యుడిని అడిగితే ఆయన చెప్పగలిగేది చాలా తక్కువ.

అన్నిటికన్నా ముందు మనుషుల రక్షణ చూసుకోవాలి. గొర్రెలు, మేకలు ఈసుకుపోవడానికి కారణమయ్యే రోగాల్లో బ్రూసెల్లోసిస్ ముఖ్యమైనది, అది మనుషులకూ సోకుతుంది. 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ దీని సూక్ష్మజీవిని గుర్తించాడు. అది మేకపాల ద్వారా మనుషులకు చేరుతోందని 1905లో అదే ద్వీపానికి చెందిన థెమిస్టోక్లిస్ జమ్మిత్ కనుగొన్నాడు. ఈసుకుపోయిన గొర్రె మాయలోనూ, దాని నుంచి కారే ద్రవంలోనూ ఈ సూక్ష్మజీవులు విపరీతంగా ఉంటాయి. కాబట్టి ఒట్టి చేతులతో మాయను లాగడం, ఆ చేతులతోనే బీడీ ముట్టించడం, అన్నం తినడం చాలా ప్రమాదకరం. చేతి తొడుగులు దొరకకపోతే మోచేతి వరకు శుభ్రమైన ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, పని ముగిశాక సబ్బుతో కడుక్కోవాలి. గర్భిణులను, పిల్లలను ఆ దరిదాపులకు రానీయకూడదు. మందలో పనిచేసేవారికి వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు ఉంటే, తమ మందలో గొర్రెలు ఈసుకుపోయాయన్న సంగతిని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లనే ఈ జ్వరాన్ని మలేరియా అనో, టైఫాయిడ్ అనో పొరబడే వీలుంటుంది. దీనికి వారాల తరబడి మందులు వాడవలసి వస్తుంది. మధ్యలో ఆపితే జ్వరం తిరగబెడుతుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద బ్రూసెల్లా టీకాను 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యదూడలకు వేస్తారు. గొర్రెలకు ఆ రక్షణ లేదు కనుక జాగ్రత్త అంతా కాపరి చేతుల్లోనే ఉంది.

తర్వాతి పని నమూనాల సేకరణ. దగ్గరి పశువైద్యశాలకు గానీ, పశువైద్య సేవల 1962 నంబరుకు గానీ వెంటనే ఫోన్ చేసి, సిబ్బంది వచ్చేలోగా పిండాన్ని, మాయను రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఐసు వేసిన పెట్టెలో నీడపట్టున ఉంచాలి. గడ్డకట్టించకూడదు, ఎండలో పెట్టకూడదు. మాయ మీద గుండీల్లా ఉబ్బెత్తుగా ఉండే ముద్దలు, పిండం పొట్టలోని ద్రవం పరీక్షకు ఎంతో విలువైనవి. తల్లి గొర్రె రక్తాన్ని ఆ రోజు ఒకసారి, రెండు మూడు వారాల తర్వాత మరోసారి తీయించాలి. రెండు ఫలితాలను పోల్చి చూస్తేనే రోగం కొత్తగా సోకిందా, పాతదా అన్నది తెలుస్తుంది. మిగిలినదాన్ని నాలుగైదు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. రక్తం, ద్రవం పడిన మట్టిని కూడా గీకి అందులోనే వేయాలి.

ఈసుకుపోయిన గొర్రెను మంద నుంచి వేరుచేసి, స్రావం పూర్తిగా ఆగి, పరీక్ష ఫలితం వచ్చే వరకు విడిగా మేపాలి. దాన్ని వెంటనే సంతకు తోలేయడం మన ప్రాంతంలో జరిగే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ రోగం మరొకరి మందలోకి, అక్కడి మనుషుల్లోకి వెళుతుంది. బ్రూసెల్లా సోకిన గొర్రె చాలాసార్లు ఒక్కసారే ఈసుకుపోయి, తర్వాతి ఈతలో మామూలుగానే ఈనుతుంది గనుక కొన్నవారికి అనుమానమే రాదు. పొట్టేళ్ల వృషణాలను కూడా చేత్తో తడిమి చూడాలి. వాపు గానీ, గట్టి గడ్డలు గానీ తగిలితే ఆ పొట్టేలుకు కూడా రక్తపరీక్ష చేయించాలి.

పరీక్ష ఫలితం వచ్చేలోగా కాపరి తన జ్ఞాపకాన్నే సాక్ష్యంగా వాడుకోవచ్చు. ఈ విషయంలో ఆఫ్రికా నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడి సంచార కాపరుల దగ్గర రాతపూర్వకమైన లెక్కలు లేవు, కానీ ప్రతి పశువు పుట్టుపూర్వోత్తరాలు వారికి కంఠతా వచ్చు. పరిశోధకులు దాన్నే ఆధారంగా చేసుకుని, గడిచిన 12 నెలల్లో మందలో ఎన్ని ఈనాయి, ఎన్ని ఈసుకుపోయాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్ని అమ్ముడుపోయాయి అని వరుసగా అడిగి లెక్కగట్టే పద్ధతిని రూపొందించారు. గింజలతోనో రాళ్లతోనో రోగాల తీవ్రతను, కాలాన్ని కాపరుల చేతనే కుప్పలుగా పోయించే పద్ధతి కూడా అక్కడే విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 2011లో ప్రపంచం నుంచి పూర్తిగా తొలగిపోయిందని ప్రకటించిన మహామారి పశురోగం రిండర్‌పెస్ట్ చివరి స్థావరాలను సోమాలియా, కెన్యా సరిహద్దు ప్రాంతాల్లో వెతకడానికి కాపరుల మాటలే తోడ్పడ్డాయి.

మనం దీన్ని కార్తెల మీద చేయడం తేలిక. నేల మీద మృగశిర నుంచి రోహిణి దాకా కార్తెల పేర్లు వరుసగా రాసి, గడిచిన ఏడాదిలో ఈసుకుపోయిన ప్రతి గొర్రెకు ఒక చింతగింజను ఆ కార్తె దగ్గర ఉంచాలి. ఇంట్లో మందను చూసే ఆడవారిని, మేతకు వెళ్లే కుర్రవాళ్లను కూడా కూర్చోబెట్టుకోవాలి, ఎందుకంటే ఒకరు మరిచినది మరొకరికి గుర్తుంటుంది. గొర్రె సుమారు 150 రోజులు మోస్తుంది కాబట్టి మృగశిర మొదట్లో కట్టినది (పొట్టేలుతో కలిసినది) స్వాతి, విశాఖ కార్తెల నాటికి ఈనాలి. దాన్నిబట్టి ఈసుకుపోయినప్పుడు ఎన్నో నెల నడుస్తోందో లెక్క వేసి పక్కన రాయాలి. అది తొలిసూలుదా, ఇంట పుట్టిందా, సంతలో కొన్నదా అన్నది కూడా రాయాలి.

ఈ గింజల అమరికే దారి చూపుతుంది. అన్ని కార్తెల్లోనూ చెదురుగా ఉండి, ఎక్కువగా చివరి రెండు నెలల్లో, కొత్తగా కొన్నవాటిలోనూ తొలిసూలు వాటిలోనూ జరిగినట్లయితే బ్రూసెల్లా వంటి సూక్ష్మజీవులను అనుమానించాలి. హస్త, చిత్త కార్తెల వానల తర్వాత గుంపుగా జరిగి, మూతి వాపు, కుంటడం, చొంగ కారడం కూడా కనిపిస్తే అది నీలి నాలుక వ్యాధి కావచ్చు. దోమకన్నా చిన్నవైన కుట్టే ఈగలు దీన్ని మోస్తాయి, బురద నేలల్లో అవి పెరుగుతాయి. వానకూ ఈసుకుపోవడానికీ ఉన్న ఈ సంబంధం ఆఫ్రికాలో మరీ స్పష్టంగా కనిపించింది: 1930లో కెన్యాలోని నైవాషా సరస్సు దగ్గర మొదట గుర్తించిన రిఫ్ట్ వ్యాలీ జ్వరం, భారీ వానలకు దోమలు పెరిగినప్పుడల్లా విజృంభించి, మందలో సూడి గొర్రెలన్నీ దాదాపు ఒకేసారి ఈసుకుపోయేలా చేస్తుంది. జ్వరం, ముక్కు చీమిడి, నోటిపుండ్లు, పారుడుతో పాటు గొర్రెపిల్లలు కూడా చనిపోతుంటే పి.పి.ఆర్. (గొర్రెలకు, మేకలకు వచ్చే ఒక అంటురోగం) అనుకోవాలి, 1942లో పశ్చిమాఫ్రికాలోని కోట్ దివ్వార్‌లో మొదట వర్ణించిన ఈ రోగం 1987లో తమిళనాడులో బయటపడింది. ఎండాకాలంలో బక్కచిక్కినవే ఈసుకుపోతుంటే ముందుగా మేతను చూడాలి. గింజలు అనుమానాన్ని మాత్రమే చెబుతాయి, నిర్ధారణ ప్రయోగశాల పని.

నివారణలో పి.పి.ఆర్. టీకా చవకైనది, నమ్మదగినది. నాలుగు నెలలు నిండిన పిల్లకు ఒక్కసారి వేస్తే మూడేళ్లకు పైగా రక్షణ ఇస్తుంది. నీలి నాలుక టీకా వానలకు ముందే పడాలి. నెలలు నిండిన గొర్రెను టీకా కోసం కూడా ఈడ్చి పడేయకూడదు. నట్టల మందు విషయంలో చాలామందికి తెలియని ఒక జాగ్రత్త ఉంది: ఆల్బెండజోల్‌ను కట్టిన తొలి నెలన్నరలో తాగిస్తే పిండానికి హాని జరగవచ్చు, కనుక పొట్టేళ్లను మందలోకి వదలడానికి ముందే ఆ పని ముగించాలి. తడిసి బూజు పట్టిన వేరుశనగ కట్టెను ఎంత కరువున్నా సూడి గొర్రెలకు వేయకూడదు.

మేత కోసం కాలువల కిందికి వలస వెళ్లి వచ్చిన మందను, సంతలో కొన్న గొర్రెలను మూడు వారాల పాటు ఊరి మందలతో కలపకుండా, నీళ్ల తొట్టి కూడా వేరుగా ఉంచి మేపాలి. కార్తెల లెక్క రాసుకున్న పుస్తకాన్ని టీకాలు వేయడానికి వచ్చే సిబ్బందికి చూపించి, తమ మందకు ఏ టీకా ఏ నెలలో వేయించాలో అందులోనే రాయించుకోవాలి.