గాలితో చల్లబడే ఇంజను, పాఠం 3: రేకులు, రబ్బరు పట్టీలు

ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి, సుమారు 15 మిల్లీమీటర్లు వంగేలా బిగించడం గత పాఠంలో నేర్చుకున్నాము. బెల్టు సరిగా ఉండి ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా, అది పీల్చే గాలి అప్పటికే వేడెక్కినదైతే ఇంజను చల్లబడదు. నేటి పాఠం ఆ గాలిని గురించినదే.

ఇంజను చుట్టూ బిగించిన రేకులు, వాటి అంచున ఉండే రబ్బరు పట్టీ కలిసి ఇంజను గదికి నేలలా పనిచేస్తాయి. ఆ నేలకు పైన బయటి నుంచి వచ్చే గాలి ఉంటుంది. సిలిండర్లను ఒరుసుకొని వేడెక్కిన గాలి, పొగగొట్టం వేడి, రోడ్డు సెగ కింద ఉండిపోవాలి. పట్టీ చిరిగినా, స్పార్కు ప్లగ్గు వైరు వెళ్లే చోట రబ్బరు మూత ఊడినా, కింది వేడి పైకెక్కి ఫ్యానులోకే తిరిగి చేరుతుంది. బండి యజమాని మాత్రం ఎండను నిందిస్తాడు. బ్రెజిల్‌లో ఫుస్కాగా, మెక్సికోలో వోచోగా దశాబ్దాలు తిరిగి, 2003 జూలై వరకు మెక్సికోలోని ప్వేబ్లా నగరంలో తయారైన ఈ కారుకు ఎండ కొత్తది కాదు.

రేకులు విప్పేస్తే గాలి ధారాళంగా తగులుతుందని కొందరు నమ్ముతారు. ఇది ఇంజనును చంపే నమ్మకం. సిలిండరు చుట్టూ వేడిని వదిలేందుకు ఉండే పలుచని లోహపు రెక్కల సందుల్లోకి గాలిని బలవంతంగా నెట్టేవి ఆ రేకులే. అవి లేకపోతే గాలి సులువైన దారి చూసుకొని పక్కకు పోతుంది. మూడో సిలిండరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాత నమూనాలలో ఆయిల్ కూలరు ఫ్యాను పెట్టె లోపలే, ఈ సిలిండరుకు సరిగ్గా పైన ఉండి, వచ్చే గాలిని అడ్డుకుంటూ వేడిచేస్తుంది. 1971 నమూనాల నుంచి కూలరును పెట్టె వెలుపలికి జరిపి, దానికి వేరే గాలిదారి ఇచ్చారు.

ఇక అభ్యాసం. చీకటి పడ్డాక, ఇంజను ఆపి చల్లారిన తరువాత, బండి కింద టార్చిలైటు వెలిగించి ఉంచి, వెనుక మూత తెరిచి పైనుంచి చూడండి. వెలుగు కనిపించిన ప్రతిచోటా సందు ఉన్నట్టే. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. హీటరు గొట్టాలు తీసేసిన బండి అయితే ఫ్యాను పెట్టెకున్న ఆ రెండు రంధ్రాలకు మూతలు ఉన్నాయో లేదో తప్పక చూడండి, ఎందుకంటే సిలిండర్లకు చేరవలసిన గాలి అక్కడినుంచే వృథాగా పోతుంది. గట్టిపడి పగిలిన పట్టీని అతికించవద్దు, కొత్తది వేయండి.

వచ్చే పాఠంలో 1600 ఇంజను వాల్వు సందును 0.15 మిల్లీమీటర్లకు సరిచేస్తాము. ఆ కొలత పూర్తిగా చల్లారిన ఇంజనుపైనే తీయాలి కనుక, ముందు రాత్రే బండిని నిలిపి ఉంచండి.