జీతం పెరుగుతున్నా డబ్బు నిలవడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హైదరాబాద్‌లో మంచి జీతాలున్న ఇళ్లలో కూడా పదేళ్లు ఉద్యోగం చేసినా చేతిలో ఏమీ మిగల్లేదన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. నెలకు ఎంత కట్టాలని అడుగుతామే గాని, కట్టినదానిలో అసలుకు ఎంత పోతోందో, దాచినది ఏ రేటున పెరుగుతోందో అడగకపోవడమే చాలాసార్లు ఇందుకు కారణం.

సమస్య: క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా కడుతున్నా బాకీ తరగడం లేదు.

కారణం: ‘మినిమమ్ డ్యూ’ (బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపే మొత్తం) కడితే సరిపోతుందన్న అపోహ. దానివల్ల ఆలస్య రుసుము తప్పుతుంది, వడ్డీ తప్పదు. నెలకు 3.5 శాతం వసూలు చేసే కార్డు మీద లక్ష రూపాయల బాకీ ఉంటే వడ్డీ 3,500, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ 630 రూపాయలు అవుతాయి; అంటే మీరు ఆ నెల 5,000 కడితే, అందులో అసలుకు జమయ్యేది కేవలం 870 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు కనుక, ఈ నెల అమీర్‌పేటలో కొన్న చీరకు కొన్ననాటి నుంచే వడ్డీ పడుతుంది.

పరిష్కారం: ముందు కార్డు వాడకం ఆపండి. 7 శాతం వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను కదపకుండా ఉంచి, కార్డుకు ఏడాదికి 42 శాతం కట్టడం పొదుపు కానే కాదు. ఆ డిపాజిట్ తీసి, చాలకపోతే బ్యాంకులో బంగారంపై తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి, బాకీ మొత్తం ఒకేసారి తీర్చేయండి.

సమస్య: ప్లాటుకు డబ్బు కట్టి ఏళ్లు గడిచినా రిజిస్ట్రేషన్ కాలేదు.

కారణం: భూమి ధర ఎన్నటికీ తగ్గదన్న నమ్మకం, దానికి తోడు ‘ప్రీ లాంచ్’లో, అంటే ప్రాజెక్టు నమోదు కాకముందే కొంటే, గజం చవకగా వస్తుందన్న ఆశ. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌ను నమోదు చేయకుండా ప్రకటించడం గాని, అమ్మడం గాని కుదరదు; రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. చవక ధరకు ప్రతిగా కొనుగోలుదారు వదులుకుంటున్నది సరిగ్గా ఈ రక్షణనే, అది నన్ను నిజంగా బాధిస్తుంది.

పరిష్కారం: టోకెన్ ఇచ్చే ముందే తెలంగాణ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు నంబరు సరిచూసుకొని, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) న్యాయవాదికి చూపించండి. ఇప్పటికే కట్టినవారు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకచోట చేర్చుకొని రెరాకు ఫిర్యాదు చేయాలి. అన్నీ సక్రమంగా ఉన్న ప్లాటు కూడా ఆసుపత్రి ఖర్చు వచ్చిన వారంలోనే అమ్ముడుపోదు కాబట్టి, ఆరు నెలల ఇంటి ఖర్చును బ్యాంకులో విడిగా ఉంచిన తరువాతే భూమి వైపు చూడటం మంచిది.

సమస్య: బీమా పాలసీ గడువు తీరాక వచ్చిన మొత్తం పిల్లల చదువుకు చాలలేదు.

కారణం: బీమానూ పొదుపునూ ఒకే పాలసీలో కలిపేయడం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, 20 ఏళ్ల తరువాత అందే 10 లక్షలతో కొనగలిగేది నేటి 3.12 లక్షల సరుకే.

పరిష్కారం: కుటుంబ రక్షణకు టర్మ్ పాలసీ (పొదుపు లేని, కేవలం బీమా ఇచ్చే పాలసీ), పొదుపుకు పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా), ఇండెక్స్ ఫండ్ (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) వంటివి వేర్వేరుగా ఎంచుకోండి. పాత పాలసీని మాత్రం తొందరపడి ఆపేయకుండా, సరెండర్ చేస్తే (గడువుకు ముందే రద్దు చేసుకుంటే) ఎంత వస్తుందో, ప్రీమియం మానేసి పెయిడప్‌గా (తగ్గిన మొత్తంతో గడువు వరకు) ఉంచితే ఎంత వస్తుందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకొని పోల్చి చూడండి.