కాన్పు నెల్లూరులో అయితే సర్టిఫికెట్ కూడా అక్కడే

కాన్పుకి పుట్టింటికొచ్చి నెల్లూరు ఆసుపత్రిలో బిడ్డను కన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అత్తగారి ఊరు ఉదయగిరైనా ఒంగోలైనా, జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోటే, అంటే నెల్లూరు కార్పొరేషన్‌లో. వివరాలు ఆసుపత్రివాళ్లే పంపుతారు. 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు.

అసలు జాగ్రత్త డిశ్చార్జికి ముందే పడాలి. ఫారంలో అమ్మానాన్నల పేర్లు, ఇంటిపేరుతో సహా, ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో మీరే చదివి చూడండి. తర్వాత దిద్దించాలంటే చాలా తిరగాలి, పచ్చి బాలింత ఉన్న ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకు?

బారసాల కాలేదని నమోదు ఆపొద్దు. బిడ్డ పేరు ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం.