పాత సినిమా హాలుని ఫంక్షన్ హాలుగా మార్చే ముందు

హాలు మూతపడగానే పడగొట్టేద్దాం అనకండి ప్లీజ్, మధ్యలో ఒక్క పిల్లర్ లేని అంత పెద్ద జాగా మళ్లీ కట్టాలంటే బోలెడు ఖర్చు. కాకపోతే గోడ మీద సుత్తి పడే ముందు ఇవి చూసుకోండి.

- ఇంటీరియర్ వాళ్ల కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. పిల్లర్ దగ్గర కాంక్రీటు కొంచెం చెక్కించి అప్పటికప్పుడే ఫినాఫ్తలీన్ (క్షారం ఉందో లేదో రంగుతో చెప్పే ద్రావణం) కొట్టించండి, గులాబీ రంగు తిరిగితే పర్లేదు, రంగు రాకపోతే అక్కడిదాకా కాంక్రీటులో కమ్మీని తుప్పు పట్టనివ్వని క్షారం పోయినట్టే, అది లోపలి కమ్మీ దాకా వెళ్తే తుప్పు మొదలై ఉండొచ్చు.

- బాల్కనీ, నాకు అన్నిటికన్నా భయం ఇదే. ఐఎస్ 875 (బిల్డింగ్ ఎంత బరువుకి కట్టాలో చెప్పే భారత ప్రమాణం) లెక్కలో కుర్చీలు బిగించిన హాలుకి చదరపు మీటరుకి సుమారు 400 కిలోల లోడు, కుర్చీలు పీకేసి జనం గుమిగూడే చోటయితే 500, అందుకే ఇంజనీర్‌తో లెక్క చూపించకుండా పైన డైనింగ్ పెట్టేయకండి.

- ఆస్బెస్టాస్ రేకులుంటే పగలగొట్టొద్దు. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకు అలాగే దించాలి. కూలీలకి ముక్కుకి తువ్వాలు చాలదు, మంచి మాస్కులు మీరే కొనివ్వండి, ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు.

- వాలు ఫ్లోరు నింపేటప్పుడు పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టించండి, లేదంటే టైల్స్ కుంగుతాయి.

- వాడకం మారుతోంది కాబట్టి మున్సిపాలిటీ పర్మిషన్, ఫైర్ ఎన్ఓసీ సంగతి ముందే కనుక్కోండి. ఎగ్జిట్ తలుపులు బయటికే తెరుచుకోవాలి.

- పాత వైరింగ్ మొత్తం మార్చేయండి.