రోగితో మాట్లాడటం – 4వ పాఠం: చెప్పింది తిరిగి చెప్పించుకోవడం

పోయిన పాఠంలో రోగి మాటకు అడ్డు తగలకుండా వినడం సాధన చేశాం. ఈసారి మనం చెప్పే వంతు. 2019లో ఎంబీబీఎస్‌లో చేరినవాళ్ళ నుంచి ఎట్‌కామ్ (వైఖరి, నైతికత, సంభాషణ) పేరుతో ఇలాంటి శిక్షణ సిలబస్‌లోకి వచ్చింది. అంతకుముందు చదివినవాళ్ళు, స్టాఫ్ నర్సులు, మందుల కౌంటర్లో కూర్చునేవాళ్ళు దీన్ని సొంతంగానే నేర్చుకోవాలి.

ఓపీలో చీటీ రాసి, మందులు ఎలా వాడాలో చెప్పి, ఆఖర్న "అర్థమైందా?" అంటాం. "ఆ, అయింది సార్" అంటారు. వెనక క్యూ ఉంది, బస్సుకు టైమవుతోంది, డాక్టరు ముందు కాలేదని చెప్పాలంటే మొహమాటం. తల ఊపి లేచిపోతారు. ఆ తల ఊపడంతో మనకు తెలిసిందేమీ లేదు. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అక్కడికక్కడే మరిచిపోతారనీ, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందనీ 2003లో వచ్చిన ఒక సమీక్షలో ఉంది. చదువురానివాళ్ళ సంగతే అనుకోకండి. తన జబ్బు పేరు మొదటిసారి విన్న లెక్చరరుకైనా ఆ కంగారులో మన మాటలు చెవికెక్కవు.

అందుకే చెప్పిన విషయాన్ని రోగి చేత, రోగి సొంత మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. కిటుకంతా అడిగే తీరులో ఉంది. "నేనేం చెప్పానో చెప్పు" అంటే బడిలో పాఠం అప్పజెప్పించుకున్నట్టే, పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. బాధ్యత మన మీద వేసుకుని అడగండి:

"అమ్మా, గబగబా చాలా చెప్పేశాను. సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి. ఇంటికెళ్ళాక ఈ బిళ్ళలు ఎప్పుడెప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి."

అడిగాక ఆగండి. మాట అందించకండి. పక్కనున్న కొడుకు "నేను చూసుకుంటాలెండి సార్" అంటాడు. "మీరూ వినండి, ముందు అమ్మను చెప్పనివ్వండి" అనండి.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాశారనుకోండి. వారంలో ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు అది. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడతాయి, మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. వారానికొకసారని మీరు చెప్పే ఉంటారు. అయినా మాట ఇలా నడవచ్చు:

"ఈ బిళ్ళ ఎప్పుడు వేసుకుంటారమ్మా?"

"రాత్రి అన్నం తిన్నాక."

"ఏ రోజు?"

"అదేంది బాబూ, రోజూ కాదా?"

"అర్థమైందా?" దగ్గరే ఆగి ఉంటే ఆమె రోజూ వేసుకునేది. ఇప్పుడు "చెప్పాను కదమ్మా!" అని విసుక్కోకూడదు. అవే మాటలు గొంతు పెంచి చెప్పినా లాభం లేదు, ఇంకోలా చెప్పాలి. ఏ రోజైతే గుర్తుంటుందో ఆమెనే అడగండి. వాళ్ళ ఊరి సంత బుధవారమైతే బుధవారమే పెట్టండి. చీటీ మీద "బుధవారం మాత్రమే" అని తెలుగులో రాయండి. మళ్ళీ చెప్పించుకోండి. "సంత నాడు రాత్రి తిన్నాక ఏసుకుంటా, మిగతా రోజుల్లో ముట్టను" అన్నాకే పంపండి.

కొన్నింటికి నోటితో చెప్పిస్తే చాలదు, చేతితో చేయించాలి. ఇన్సులిన్ అలాంటిది. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 4 యూనిట్లే. షుగర్ దిగదు, మనం డోసు పెంచుతూ పోతాం. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా లాగితే 25 యూనిట్లు వెళ్తాయి. షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. రోగి మాత్రం రెండుసార్లూ "పది వేసుకుంటున్నాను సార్" అనే చెబుతారు. అందుకని ఇంట్లో వాడే సీసా, సిరంజి తెప్పించి, మన కళ్ళ ముందే లాగించి చూడాలి. ఇంట్లో సూది వేసేది కోడలైతే ఆమె చేతే చేయించాలి. ఇన్‌హేలరుకూ ఇదే పద్ధతి.

అంత టైమెక్కడుంది అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో షుగర్ రోగులతో డాక్టర్ల సంభాషణలు రికార్డు చేసి 2003లో ఫలితాలు ప్రచురించారు. కొత్తగా చెప్పిన 124 విషయాల్లో డాక్టర్లు సరిచూసుకున్నవి 15. సరిచూసుకున్న డాక్టర్ల రోగులకు షుగర్ మెరుగ్గా అదుపులో ఉంది, సమయమూ ఎక్కువ పట్టలేదు. అయితే అక్కడ ఒక్కో రోగికి 20 నిమిషాల పైనే దొరికింది. మన ఓపీలో అది కుదిరే పని కాదు కాబట్టి అందరినీ అన్నీ అడగకండి. కొత్త మందు పెట్టినప్పుడో, డోసు మార్చినప్పుడో, జ్వరం పిల్లాడిని ఇంటికి పంపుతున్నప్పుడో, పొరపాటు పడితే ముప్పు తెచ్చే విషయం ఒక్కటి ఎంచుకుని దాన్నే చెప్పించుకోండి.

ఈ వారం సాధన: ప్రతి ఓపీలో కనీసం ఒక్క రోగితో ఇలా చేయండి. రోగి అన్న మాటలు ఉన్నవున్నట్టు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, కింద మీరు రెండోసారి ఎలా చెప్పారో రాయండి. వారం చివర ఒకచోట చదివితే, మీ మాటల్లో ఏవి పదేపదే తప్పుగా చేరుతున్నాయో బయటపడుతుంది.

వచ్చే పాఠంలో: రిపోర్టు వచ్చాక "నాన్నకు మాత్రం చెప్పకండి సార్" అని ఇంట్లోవాళ్ళు వరండాలో అడిగినప్పుడు ఎలా మాట్లాడాలి.